కొత్త టార్చిలైటులో కాలర్ ఎందుకు పెట్టడం లేదంటే

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే నాటికి ఇస్తామన్న దూరపు టార్చిలైటు సిద్ధమవుతోంది. మీలో చాలామంది అడిగిన కాలర్ మాత్రం అందులో ఉండదు. కారణం పేటెంటు.

నడుమ రంధ్రం ఉన్న చిన్న అద్దపు గిన్నెను ఎల్‌ఈడీ మీద బోర్లించినట్టు ఉంటుంది కాలర్. లెన్స్‌కు అందకుండా పక్కలకు పోయే వెలుగును అది మళ్లీ ఎల్‌ఈడీ మీదికే తిప్పికొడుతుంది. అక్కడి పసుపు ఫాస్ఫర్ పొర దాన్ని చెదరగొడితే, కొంత రంధ్రంలోంచి ముందుకు వస్తుంది. కరెంటు పెంచకుండానే వెలుగు చిక్కబడుతుంది. దూరం కొట్టే లైటుకు కావలసింది అదే. పెట్టె మీద ల్యూమెన్లు (మొత్తం వెలుగు కొలత) ఎన్ని రాసినా, వెలుగు ఎంత చిక్కగా ఉంది, లెన్స్ ఎంత వెడల్పు అన్న రెండే దూరాన్ని తేలుస్తాయి.

దీని మీద హక్కులు పొందినది ఒక అమెరికా సంస్థ. పేటెంటు ఏ దేశానికి ఆ దేశమే, గడువు దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లు. అయితే కాలర్ మీద ఉన్నది ఒక్క పేటెంటు కాదు. ఏది ఎక్కడ, ఎంతవరకు వర్తిస్తుందో తేల్చుకోవడానికి న్యాయవాదికి కట్టే ఫీజు, వరంగల్‌లో మా వర్క్‌షాపు ఈ లైట్ల మీద సంపాదించే దాన్ని మించిపోతుంది.

పేటెంట్లు ఉండకూడదని నేను అనను. 1996లో తెల్ల ఎల్‌ఈడీని మార్కెట్లోకి తెచ్చిన జపాన్ సంస్థ నిచియా, ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడి, చివరికి 2002లో క్రీ, ఓస్రామ్ లాంటి సంస్థలతో లైసెన్సులు ఇచ్చిపుచ్చుకుంది. వాళ్ల దగ్గర మార్చుకోవడానికి పేటెంట్లు ఉన్నాయి, మా దగ్గర ఏముంది? హక్కుదారు అమ్మడం మానేసి, చిన్నవాళ్లకు లైసెన్సూ అందుబాటులో ఉంచకపోతే ఆ ఆలోచన బీరువాలో పడి ఉంటుంది. అది అన్యాయమని గట్టిగా నమ్ముతాను. మన పేటెంట్ల చట్టంలో 84వ సెక్షన్ ఉంది. దాని కిందే 2012లో హైదరాబాదు సంస్థ నాట్కో, బేయర్ క్యాన్సర్ మందుకు తప్పనిసరి లైసెన్సు, అంటే హక్కుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇప్పించే లైసెన్సు, సాధించింది. ప్రాణాలు నిలిపే మందుకు నిలిచిన వాదన టార్చిలైటుకు నిలుస్తుందా?

ప్రయోగం కోసం చేసుకోవడాన్ని అదే చట్టంలోని 47వ సెక్షన్ అనుమతిస్తుంది కాబట్టి, వర్క్‌షాపులో కాలర్ బిగించి చూశాం. బాగుంది. కానీ వెలుగు తీవ్రత రెట్టింపైనా దూరం 1.4 రెట్లే పెరుగుతుంది. 4 లక్షల క్యాండెలాకు (తీవ్రతను కొలిచేది క్యాండెలాల్లోనే) లెక్క ప్రకారం 1,265 మీటర్లు, 8 లక్షలకు 1,789. అదీ నిండు పున్నమి వెన్నెలంత, 0.25 లక్స్ వెలుగు పడే దూరం. మంచె మీద నుంచి అడవి పందిని గుర్తుపట్టాలంటే అందులో సగమే లెక్కలోకి తీసుకోండి.

ఆ రెట్టింపును లెన్స్‌తోనే రాబడుతున్నాం. 50 మిల్లీమీటర్ల లెన్స్ బదులు 70 పెడితే వైశాల్యం దాదాపు రెట్టింపు, తీవ్రతా అంతే. ఇందులో ఎవరి హక్కూ లేదు. కాకపోతే లైటు తల బరువెక్కుతుంది, రాత్రంతా పట్టుకుంటే మణికట్టు లాగుతుంది. అందుకే భుజానికి తగిలించుకునే పట్టీ కలిపి ఇస్తున్నాం. ధర మారదు.

కాలర్ కోసమే అడ్వాన్సు కట్టినవారికి మొత్తం తిరిగి ఇస్తాం. మిగతావారు కొత్త లైటును షాపులో చేత్తో పట్టి, బరువు చూసుకున్నాకే డబ్బు కట్టండి.