ప్రహ్లాద నాటకం: రిహార్సళ్ల గురించి తల్లిదండ్రులకు మనవి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, తోటి ఉపాధ్యాయులకు నమస్కారం.

నిన్నటి రిహార్సల్‌లో హిరణ్యకశిపుడి వేషం వేస్తున్న తొమ్మిదో తరగతి అబ్బాయి, పద్యం ఎత్తుగడ చక్కగా అందుకున్నా, చివరి పాదం దగ్గర రాగం తీస్తుండగా గొంతు జీరపోయి, సిగ్గుతో గద అక్కడే వదిలేసి తెర వెనక్కి వెళ్లిపోయాడు. ఆ వయసులో గొంతు మారడం సహజమే కాబట్టి, హార్మోనియం మాస్టారితో మాట్లాడి అతని పద్యాలను ఐదు శ్రుతి (పాడే స్థాయి) నుంచి రెండుకు దించాము. ఆడపిల్లల పద్యాలు మాత్రం ఐదులోనే ఉంటాయి. దయచేసి ఇంట్లో పాత నాటకాల రికార్డులు వినిపించి, ఆ స్థాయిలో పాడమని పిల్లలను ఒత్తిడి చేయవద్దు. మైకులు లేని రోజుల్లో చివరి వరుసకూ వినపడాలి కనుక నటులు అంత పైస్థాయిలో పాడేవారు. పద్యాన్ని ముందు అర్థం ప్రకారం విడగొట్టి వచనంలా చదివించండి, రాగం మేము చూసుకుంటాము.

1885లో కడప జిల్లాలో మొదలై, రంగస్థల మాయలకు పేరుపొందిన సురభి నాటక సమాజం వారి నాటకాలు చూసిన పెద్దలు స్తంభం పగిలే సన్నివేశంలో మాయలు ఆశించడం న్యాయమే గానీ, మన స్తంభం రెండు అట్టముక్కలు, ఒక తాడు మాత్రమే. బాణసంచా, పొగ వాడబోము.

నరసింహుడి జూలుకు పసుపురంగు ఊలు ఇంకా కావాలి. ఉన్నవారు శనివారం రిహార్సల్‌కు పంపగలరు.