వార్షిక నివేదిక: ఆసుపత్రి దగ్గర న్యాయ సహాయం

ఒడిశా రాయగడలోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ ఏడాది కమిటీ మనసంతా ఆసుపత్రి దగ్గర న్యాయ సహాయం చేసే రోగుల హెల్ప్‌డెస్క్ మీదే ఉంది కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తున్నాం.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఇక్కడి ఆఫీసుల్లో చివర రాస్తారు. ఆధార్‌లో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా పేరు పడి, ఒక టీబీ రోగికి నిక్షయ్ పోషణ్ డబ్బు (టీబీ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే సాయం) ఆగిపోయింది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సాయాన్ని 2024 నవంబర్ నుంచి 1000 చేశారు. కూలికి వెళ్లలేని మనిషికి ఆ నెల తిండి అదే. తిండి లేకుండా మందులు మింగమంటే ఎన్నాళ్లు మింగుతారు? పారా లీగల్ వాలంటీర్ (లాయరు కాకపోయినా న్యాయ సహాయంలో శిక్షణ పొందినవారు) అఫిడవిట్ రాయించి, బ్యాంకుకు తోడు వెళ్లారు. డబ్బు పడింది.

ఆసుపత్రి దగ్గరే న్యాయ సహాయం అందించాలనే ఈ ఆలోచన కొత్తది కాదు. 1993లో బోస్టన్‌లో పిల్లల డాక్టర్ బ్యారీ జుకర్‌మన్ ఆసుపత్రిలోకే లాయర్లను తీసుకొచ్చారు. చెమ్మ పట్టిన అద్దె ఇంట్లో ఉండే పిల్లవాడికి ఉబ్బసం మందు ఎంత ఇచ్చినా తగ్గదు. ఇంటి యజమానితో గోడ బాగుచేయించడం డాక్టరు చేతిలో లేదు, లాయరు చేయించగలడు.

మన దగ్గర సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుతో బాధపడే కుటుంబాలు చాలా ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అది కూడా వైకల్యాల జాబితాలో ఉందని గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక తల్లికి ఎవరూ చెప్పలేదు. చాలా సదుపాయాలకు 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఆమె అబ్బాయి దరఖాస్తు ఇంకా మెడికల్ బోర్డు దగ్గరే ఉంది, వదిలిపెట్టం.

ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. ఫోన్ నంబరు 15100. ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్లతో మాత్రం వరండాలో మాట్లాడకూడదు, విడిగా గది ఉండాలి. దానికోసం ఆసుపత్రివాళ్లను అడుగుతున్నాం.

వచ్చే ఏడాదికి ఒడియా ఫారాలు చదివి తెలుగులో చెప్పగలిగేవాళ్లు కావాలి. వారానికి ఒక పూట చాలు. కాలేజీలో చదివే మన పిల్లల్ని పంపండి.

– కార్యవర్గం