గోల్కొండ ఎక్కబోయే మిత్రుడికి

ప్రియ మిత్రమా,

సంక్రాంతి సెలవులకు పిల్లలతో హైదరాబాదు వస్తున్నానని, గోల్కొండ చూపించాలనుకుంటున్నానని రాశావు కనుక నాలుగు మాటలు ముందే చెబుతున్నాను. అక్కడికి వెళ్లినవారందరూ కింద గుమ్మటం మధ్య నిలబడి చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండ కొమ్మునున్న బాలాహిసారు అనే లోపలి కోట దాకా వినబడిందని మురిసిపోతారు. మీరూ కొట్టండి, తప్పు లేదు. కానీ నన్నడిగితే కోట గొప్పతనం అక్కడ లేదు.

ముందు కొండ కిందనే ఉన్న బాలాహిసారు ద్వారం దగ్గర కాసేపు ఆగు. కమాను పైన సున్నపు పనిలో తీర్చిన నెమళ్లు, వాటి కింద రాతి దూలం మీద చెక్కిన యాళులు, అంటే సింహాన్ని పోలిన కల్పిత జంతువులు, కనిపిస్తాయి. కాకతీయుల నాటి మట్టికోటను కుతుబ్‌షాహీలు రాతికోటగా మార్చినా, స్థానిక శిల్పుల పనితనం ఎక్కడికి పోతుంది? ఆ ద్వారానికి ఎదురుగా అడ్డుగోడ ఎందుకు కట్టారో పిల్లలను ఆలోచించమను: ఏనుగు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి తలుపును ఢీకొట్టడానికి చోటు లేకుండా చేయడానికే. కోట బయటి ద్వారమైన ఫతే దర్వాజా తలుపులకు ఇనుప మొనలు బిగించిందీ ఏనుగుల భయంతోనే.

ఇక నేను ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యపోయేది నీళ్ల ఏర్పాటు. దుర్గం చెరువు నుంచి కోటకు చేరిన నీటిని, ఎద్దులు తిప్పే చక్రాలతో ఒక తొట్టి నుంచి పై తొట్టికి, అక్కడి నుంచి ఇంకా పైకి, అంచెలంచెలుగా ఎక్కించి, గోడల్లో సున్నంతో పొదిగిన మట్టి గొట్టాల ద్వారా మహళ్లకూ తోటలకూ ఫౌంటెన్లకూ పంపేవారు. గోడలు పెచ్చులూడిన చోట్ల ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ బయటపడి కనిపిస్తాయి, వెతికి చూడు. ఈ రోజుల్లో దుర్గం చెరువు అంటే అందరికీ తీగల వంతెన మీద సెల్ఫీలే తప్ప ఇది ఎవరికి గుర్తుంది!

దారిలో అంబర్‌ఖానా అనే గిడ్డంగి వస్తుంది. అది అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, 1642లో కట్టినదని అక్కడి శాసనం చెబుతుంది. రామదాసు బందిఖానాలో మాత్రం తొందరపడకు. భద్రాచల రాముడికి గుడి కట్టించిన కంచర్ల గోపన్న చెక్కినవిగా చెప్పుకొనే రామలక్ష్మణుల, హనుమంతుడి బొమ్మలు ఆ గోడ మీద ఉన్నాయి.

ఇంత కట్టుదిట్టమైన కోటను ఔరంగజేబు సైన్యం సుమారు ఎనిమిది నెలలు ముట్టడించినా బద్దలు కొట్టలేకపోయింది. 1687లో లోపలివాడొకడు లంచం తిని తలుపు తీయడంతోనే పట్టుబడింది. ఏ రోజు వస్తున్నారో రాయి, ఎండ ముదరకముందే ఎక్కడం మొదలుపెడదాం.

నీ మిత్రుడు