ఈ కార్తీకంలో కొత్త పందిళ్ళు కట్టడం లేదు

మేడ మీద వెదురు, తాటాకు పందిళ్ళు మాతో కట్టించుకున్నవాళ్ళందరికీ,

భాద్రపదం, ఆశ్వయుజాల్లో కట్టిన కొన్ని పందిళ్ళ కింద మెత్తటి పిండి రాలుతోంది. చెద అనుకుని కొందరు ఫోన్ చేశారు. చెదైతే వాసం మీద మట్టి బారులు కడుతుంది. ఇది పుచ్చుపురుగు. పైకి గుండుసూది తలంత బెజ్జాలే కనిపిస్తాయి, లోపల బొంగును తినేస్తుంది. వెదురులో ఉండే గంజి దాని తిండి. మందు పట్టించిన సరుకేనని సరఫరాదారు చెబితే నమ్మి, చీల్చి చూడకుండా మీ మేడ ఎక్కించాం. ఆ తప్పు మాది.

మిగిలిన లోడులోంచి పది బొంగులు తీసి నిలువునా చీల్చాం. స్పిరిట్‌లో నానబెట్టి తేర్చిన పసుపు పూసి, ఆరాక ఆమ్లం కలిపిన రెండో ద్రావణం పూస్తే, మందులోని వెలిగారం చేరినచోట ఎర్రబడాలి. చివర్లలో జానెడు మేర ఎర్రబడింది. నడిమి కణుపుల దగ్గర పసుపు పసుపుగానే ఉండిపోయింది. లోపలి కణుపు గోడలకు ఊచ దించి బెజ్జం పెట్టకుండా, ఒక పూట మందులో ముంచి తీసేశారన్నమాట! వెదురు పైతోలు నీళ్ళు పీల్చదు. మందు నరికిన చివరల నుంచి, లోపలి గోడ నుంచి ఎక్కాలి. ఇన్నేళ్ళ బేరం చేసిన మనిషి ఇంత పని చేస్తాడనుకోలేదు.

ఆ లోడును ఏం చేయాలన్న దగ్గరే వారం రోజులు నలిగిపోయాం. మళ్ళీ తొట్టిలో వేసి వాడేద్దామని మా పనివాళ్ళే అన్నారు. కానీ మందు పాకేది పచ్చి వెదురులోని తడి వెంట. ఎండిన బొంగుకు సరిగ్గా పట్టదు, పట్టినా తొలిచినచోట బలం తిరిగి రాదు. అందుకే మొత్తం పక్కన పడేశాం. దడులకు, పాదులకు తప్ప వాడం.

"వెదురు మానేసి రేకులు వేయండి" అన్నవాళ్ళూ ఉన్నారు. వేయం. రేకు తను కాగి, ఆ సెగను కిందికి కక్కుతుంది. తాటాకు ఎండను పైనే ఆపుతుంది, కింద ఏడడుగుల ఎత్తున గాలి ఆడుతుంది, స్లాబు కాగదు. చేతకాని శుద్ధికి వెదురును తిట్టడం మాకు నచ్చదు.

ఇకనుంచి మందు మా తొట్టిలోనే. పొడవు 20 అడుగులు, వెడల్పు 4, నీళ్ళ లోతు 2. సుమారు 4,500 లీటర్లు. అందులో 135 కిలోల వెలిగారం, 90 కిలోల బోరిక్ ఆమ్లం. మూడేళ్ళు దాటిన వెదురును మార్గశిరంలో నరికించి, పచ్చి ఆరకముందే ఊచ దించి, రాళ్ళ బరువు పెట్టి 10 రోజులు నానబెడతాం. తర్వాత నెల రోజులు నీడన ఆరబెడతాం. ప్రతి తొట్టికీ ఒక బొంగు చీల్చి పసుపు పరీక్ష చేస్తాం, మీరు వచ్చి చూడొచ్చు. ఈ మందు వానకు కడుక్కుపోతుంది కాబట్టి వాసాల చివరలు ఇకమీద తాటాకు చూరు లోపలే ఉంటాయి.

పిండి రాలుతున్న ప్రతి పందిరీ ఉగాదిలోపు విప్పి మళ్ళీ కడతాం. వెదురు, తాటాకు, కూలి అన్నీ మావే. కొత్త పనులు ఆ తర్వాతే.

అందాకా వాసాలకు ఉయ్యాల, కుండీలు వేలాడదీయకండి. కిరోసిన్ అసలు పూయొద్దు, పైన ఉన్నది ఎండు తాటాకు. బెజ్జాలు మరీ ఎక్కువున్న వాసం కనిపిస్తే వెంటనే చెప్పండి, వచ్చి సర్వి గుంజ ఆనించి వెళ్తాం.