43 ఇంచీల టీవీలు ఇంకా ఎందుకు రాలేదంటే

దసరా ముందు మా కావలి షాపులో 43 ఇంచీల టీవీకి అడ్వాన్సు కట్టినవాళ్లకు ఈ మాట. మీ టీవీలు రాలేదు. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పడం కన్నా అందరికీ ఒకేసారి రాస్తే మేలనిపించింది.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 ఇంచీలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. దాంతో గిరాకీ పెరిగింది. మాకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటరు 43లు పంపుతానని ముందే డబ్బు వేయించుకున్నాడు. బండి వచ్చాక తలుపు తీస్తే దాదాపు అన్నీ 65లే. ఫోన్ చేసి అడిగితే, "జనం ఇప్పుడు పెద్దవే చూస్తున్నారన్నా, దింపుకో. నువ్వు చెబితే నీ కస్టమర్లు కొనరా?" అన్నాడు.

కొంటారు. అదే నా బాధ. పైగా 65 మీద మాకు మిగిలేది 43 కన్నా బాగా ఎక్కువ. ఇంట్లోవాళ్లు కూడా దింపుకోమనే అన్నారు. పండగ గిరాకీలో డబ్బు అక్కడ ఇరుక్కుపోయి ఉంది, సరుకు కాదంటే అది ఎప్పుడు తిరిగొస్తుందో తెలీదు. బండి సాయంత్రం దాకా షాపు ముందే ఉంది. డ్రైవరు రెండుసార్లు టీ తాగొచ్చాడు. నేను మాత్రం అడ్వాన్సు పుస్తకం ముందేసుకుని, ఎవరింట్లో హాలు ఎంతుందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నా. మీలో చాలామంది ఇళ్లలో గోడకి టీవీ బిగించింది మా కుర్రాళ్లే కాబట్టి కొలతలు తెలుసు.

టీవీ సైజంటే మూల నుంచి మూలకి కొలత. దాన్ని 1.6తో హెచ్చవేస్తే కూర్చోవాల్సిన దూరం ఇంచీల్లో సుమారుగా వస్తుంది. 43కి ఆరడుగులకు కాస్త తక్కువ, 55కి ఏడుంబావు, 65కి ఎనిమిదిన్నర పైనే. 43 అడిగినవాళ్లలో ఎక్కువమందికి సోఫాకీ గోడకీ మధ్య ఉన్నది ఆరు, ఆరున్నర అడుగులే. అక్కడ 65 పెడితే నేల టికెట్లో ముందు వరసలో కూర్చున్నట్టే.

"ఫోర్‌కే టీవీ కదా, దగ్గర కూర్చున్నా ఏం కాదు" అంటాడు డిస్ట్రిబ్యూటరు. వచ్చే బొమ్మ కూడా ఫోర్‌కే అయితే ఆ మాట నిజమే. మన ఇళ్లలో సాయంత్రం నడిచేది కేబుల్ సీరియల్. హెచ్‌డీ ప్యాక్ లేకపోతే ఆ బొమ్మలో ఉండేది 720 బై 576 చుక్కలు. వాటిని 3840 బై 2160 చుక్కలుండే ఫోర్‌కే తెర మీదికి సాగదీస్తే ఒక్కో చుక్క ఇరవై అవుతుంది, మొహాలు అలుక్కుపోతాయి. అప్పుడు మీరు తిట్టేది డిస్ట్రిబ్యూటర్ని కాదు, నన్ను.

బండి వెనక్కి పంపేశాను. "చేతకాక పంపాడు, స్టాకు పెట్టుకోలేడు" అని బజార్లో అంటున్నారట. అననీండి.

43లు విజయవాడలో వేరేవాళ్ల దగ్గర తీసుకుంటున్నా. రవాణా ఖర్చు నాదే, మీకు చెప్పిన ధర మారదు. తేదీ మాత్రం అడగొద్దు, పెట్టెలు నా కళ్ల ముందు దిగాకే ఫోన్ చేస్తాను. ఆగలేనివాళ్లు రసీదు తెస్తే అడ్వాన్సు మొత్తం అప్పటికప్పుడే ఇచ్చేస్తాం.

మనసు మార్చుకుని పెద్దది కావాలంటే అమ్మనని కాదు. 55 అయితే 48 బై 27, 65 అయితే 57 బై 32 ఇంచీల అట్ట కత్తిరించి, మధ్య భాగం సోఫాలో కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా వచ్చేలా గోడకి అంటించండి. రెండు రోజులు అలా ఉంచి, పక్కన బీరువా తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకుని రండి. కత్తిరించడానికి పాత టీవీ పెట్టెలు షాపులో ఉన్నాయి, డబ్బులక్కర్లేదు.