మేము కత్తిరించిన మౌనం గురించి మా శ్రోతలకు

శ్రోతలకు, చందాదారులకు నమస్కారం.

శ్రోతలు ఫోను చేసి మాట్లాడే మన ఇంటర్నెట్ ప్రత్యక్ష ప్రసారం గత నెలలో ఒక శనివారం రాత్రి మధ్యలో 11 నిమిషాల పాటు ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. ఆ రాత్రి మొదలుకొని పది రోజుల వరకు మా వ్యాఖ్యాత పేరిట మీ సందేశాలు వస్తూనే ఉన్నాయి. ఆమె వాటిని చదివి, నన్ను కూడా చదవమన్నారు. ఆమెను మెచ్చుకుంటూ మీరు రాసిన మాటల్లో, మీకు తెలియకుండానే, ఈ కార్యక్రమాన్ని నడుపుతున్న నా పొరపాటు ఒకటి బయటపడింది. అదేమిటో దాపరికం లేకుండా చెప్పడానికి, దాని వల్ల ఇప్పుడు ఏమేం మారిందో తెలపడానికి ఈ లేఖ రాస్తున్నాను. మాది ముగ్గురం కలిసి నడుపుకుంటున్న చిన్న సంస్థ. మీ చందాలే దాని ఆదాయం కనుక ఈ లెక్క మీకు అప్పజెప్పవలసిన బాధ్యత నాది.

ముందు ఆ రాత్రి సంగతి. మా స్టూడియోకు అప్పటిదాకా ఒకే ఒక్క ఇంటర్నెట్ లైన్ ఉండేది. రెండోది పెట్టించాలని ఏడాదిగా అనుకుంటూ, ప్రతి నెలా ఏదో ఒక ఖర్చు ముందుకు రావడంతో వాయిదా వేస్తూ వచ్చాను. ఆ ఒక్క లైనూ పోయింది. శ్రోతల ఫోన్లు వేరే మార్గంలో వస్తాయి కనుక, అప్పుడు మాట్లాడుతున్న పెద్దాయన గొంతు మా వ్యాఖ్యాత హెడ్‌ఫోన్లలో వినిపిస్తూనే ఉంది. బయటికి మాత్రం ఏమీ వెళ్లడం లేదు. ఉద్యోగ విరమణ చేసిన మరునాడు, అలవాటు కొద్దీ తెల్లవారుజామునే తయారై గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయిన సంగతి ఆయన చెబుతున్నారు. నేను బల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని రౌటర్ వైర్లు పీకి మళ్లీ పెడుతున్నాను. మా మూడో సహచరుడు లైన్ ఇచ్చినవారికి ఫోను చేయడానికి బయటికి పరుగెత్తాడు. ప్రసారం ఆగిందని ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. మధ్యలో ఆపడానికి మనసొప్పలేదని ఆమె తరువాత నాతో అన్నారు. కాబట్టి ఆ 11 నిమిషాల్లో ఆయన చెప్పింది విన్న మనిషి ఆమె ఒక్కరే.

లైన్ తిరిగి వచ్చాక ఆమె ఆయనతో అన్న మాటలు మీరంతా విన్నారు. “ఇంతసేపూ మీరు చెప్పింది నేను ఒక్కదాన్నే విన్నానండీ. మిగతావాళ్లకు చేరలేదు. మళ్లీ చెప్పడం మీకు ఇష్టమేనా?” అని అడిగి ఊరుకున్నారు. ఆయన కూడా ఊరుకున్నారు. అప్పటికి నేను ధ్వని స్థాయిలు సరిచేసే మిక్సర్ దగ్గరికి వచ్చి, ఆమె హెడ్‌ఫోన్లలో మాత్రమే వినిపించే టాక్‌బ్యాక్‌లో ఆమె చెవిలో “పాట వేసేద్దాం, పాట వేసేద్దాం” అని తొందరపెడుతున్నాను. ఆమె నా వైపు చూడలేదు. తరువాత రికార్డింగులో కొలిచి చూస్తే ఆ మౌనం 6 సెకన్లు. ఆ తరువాత ఆయన, “చెబుతానమ్మా, కానీ ఈసారి తక్కువ చెబుతాను” అన్నారు.

కార్యక్రమం ముగిశాక నేను ఆమెకు రెండు తప్పులు ఎంచి చూపాను. ప్రసారం ఆగిన సంగతి ఫోనులో ఉన్నవారికి వెంటనే చెప్పకపోవడం ఒకటి, అసలే 11 నిమిషాలు పోగొట్టుకున్న కార్యక్రమంలో మరో 6 సెకన్లు ఖాళీగా వదిలేయడం రెండోది. ఆమె “సరేనండీ” అన్నారు. మరునాడు ఫోను చేసి, ఇంకొకరిని చూసుకోమన్నారు.

మీ సందేశాలు రావడం ఆ తరువాతే ఎక్కువైంది. మొదట వచ్చినవి ఓదార్పు మాటలు. “పర్వాలేదక్కా, ఇలాంటివి మామూలే”, “మీ తప్పేం లేదు”, “వచ్చే వారం కూడా వింటాం”. ఇవి అవసరమైన మాటలే, కాదనను. కానీ నాలుగో రోజు నుంచి వచ్చిన సందేశాల తీరు వేరు. రాసినవారిలో చాలామంది ఆ 6 సెకన్ల దగ్గర ఆగారు. ఒకరు, ఆ మౌనంలో తాను వంటగదిలో కుళాయి కట్టేసి నిలబడ్డానని రాశారు. మరొకరు, ఆమె అలా అనుమతి అడగడం విన్నాక, తమ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిందే చెబుతున్నప్పుడు తాము ఎలా మధ్యలో అందుకుంటామో గుర్తొచ్చిందని రాశారు. ఇంకొకరు రాసిన రెండు వాక్యాలు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు: “మీరు ఎదుటివాళ్లు ఆగాక కూడా కాసేపు ఆగుతారు. అందుకే నేను రికార్డింగు వినను, లైవే వింటాను.”

రికార్డింగు ఎందుకు వినరో ఆ శ్రోతకు కారణం తెలియకపోవచ్చు. నాకు తెలుసు. లైవ్ అయిపోయాక మేము ఎక్కించే రికార్డింగుల్లో అర సెకను దాటిన ప్రతి ఖాళీనీ సాఫ్ట్‌వేర్‌తో నేనే తీయించేస్తున్నాను. మొత్తం కార్యక్రమం ఒక్క మీట నొక్కితే కొన్ని నిమిషాలు కురచవుతుంది, చురుగ్గా వినిపిస్తుంది. శ్రోతల సమయం కాపాడుతున్నానని అనుకున్నాను. అంతకు ముందు నెలలోనే, “ఇంకొంచెం వేగం, ఇంకొంచెం ఉత్సాహం కావాలి” అని ఆమెకు రెండుసార్లు చెప్పాను కూడా.

ఈ వృత్తిలో మౌనమంటే భయం పాతది. రేడియో కేంద్రాల్లో ప్రసారం కొద్దిసేపు నిశ్శబ్దమైతే పసిగట్టి హెచ్చరించే పరికరాలే ఉంటాయి; కొన్ని చోట్ల అవి తమంతట తామే ముందుగా సిద్ధం చేసి ఉంచిన ధ్వనిని మొదలుపెడతాయి. అక్కడ అది న్యాయం, ఎందుకంటే నిశ్శబ్దానికి అర్థం యంత్రం చెడిపోవడం. మనిషి ఆలోచించుకోవడానికి ఆగిన మౌనాన్ని కూడా నేను ఆ ఖాతాలోనే వేశాను. మామూలు సంభాషణలో ఒకరు ఆపడానికీ మరొకరు అందుకోవడానికీ మధ్య వ్యవధి చాలా చిన్నది. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఆ వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు దగ్గర ఉంటుందని తేల్చింది. అందువల్లనే రెండు సెకన్ల విరామం కూడా మనకు చాలా పొడుగ్గా తోస్తుంది. అయితే అలా ఆగితే ఏం జరుగుతుందో కూడా పరిశీలించినవారున్నారు. అమెరికాలో విజ్ఞాన శాస్త్ర బోధనను అధ్యయనం చేసిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సుమారు ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, అంతవరకు నోరు విప్పనివారు కూడా మాట్లాడతారని 1970ల్లో చూపించారు. మా వ్యాఖ్యాత ఇవేవీ చదివి చేయడం లేదు. ఆమెకు అది చేతనవును, అంతే. మీకు వినడం చేతనయింది. మధ్యలో కత్తెర పట్టుకుని కూర్చున్నది నేను.

మీరు రాసి పంపిన సందేశాలకు ఇంత బలం ఎందుకుందో చెప్పాలంటే ప్రసారం గురించి చిన్న సంగతి ఒకటి తెలియాలి. ఇంటర్నెట్ ప్రసారాల్లో తరచుగా ధ్వనిని కొన్ని సెకన్ల ముక్కలుగా చేసి పంపుతారు. వినేవారి ఫోను అలాంటి ముక్కలు రెండుమూడు పోగుచేసుకున్నాకే వినిపించడం మొదలుపెడుతుంది. ఒక్కో ముక్క 6 సెకన్లదైతే, మూడు ముక్కలకు 18 సెకన్ల ఆలస్యం అక్కడే అయిపోతుంది. ఆ పైన మీరు విని, టైపు చేసి, పంపాలి. ఆ 6 సెకన్ల మౌనం సాగుతున్నప్పుడు ఆమె ముందున్న తెర మీద ఉన్న వ్యాఖ్యలన్నీ “వినిపించడం లేదు”, “ఏమైంది?” అనేవే. వేదిక మీద ఉన్నవారికి ఎదురుగా ముఖాలు కనిపిస్తాయి. సభ ఊపిరి బిగబట్టిందో, విసుగుతో కదులుతోందో తెలుస్తుంది. ఆమెకు అలాంటిదేమీ అందదు. సరిగ్గా ఆసరా కావలసిన క్షణంలో ఆమెకు వినిపించింది నా తొందర ఒక్కటే. కాబట్టి మీరు తీరిగ్గా కూర్చుని, ఫలానా చోట ఫలానా విధంగా విన్నామని రాసినవి ఆమెకు ఆ ముఖాల బదులు అందాయి.

ఇక్కడ ఇంకొక సంగతి ఒప్పుకోవాలి. కార్యక్రమం మొదలుపెట్టిన తొలి నెలల్లో, వ్యాఖ్యల జాబితా బోసిగా కనిపించకూడదని మా బంధువుల చేత, స్నేహితుల చేత మెచ్చుకోళ్లు రాయించాను. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. 19వ శతాబ్దంలో పారిస్ ఒపేరాలో డబ్బు తీసుకుని చప్పట్లు కొట్టే ముఠాలుండేవి. వారిలో నవ్వడానికి కొందరు, కన్నీళ్లు పెట్టుకోవడానికి కొందరు, మళ్లీ పాడమని కేకలు వేయడానికి కొందరు వేరువేరుగా ఉండేవారు. మా వాళ్లు ఉచితంగా చేశారు, అంతే తేడా. ఆ రోజుల్లో “అద్భుతం”, “సూపర్” అనే మాటలు ఎన్నో వచ్చాయి. వాటిలో ఒక్కటైనా కార్యక్రమంలో ఏ నిమిషం బాగుందో చెప్పలేదు, ఎందుకంటే రాసినవారిలో కొందరు వినలేదు. ఆమెకు ఈ సంగతి ఈ మధ్యే చెప్పాను. “అప్పుడే అనుకున్నాను లెండి” అన్నారు.

అభిమానం వల్ల కలిగిన ఒక నష్టం కూడా చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. అవతల ఫోనులో మాట్లాడేవారి గొంతు మరీ చిన్నగా వస్తోందని, వ్యాఖ్యాత మాట్లాడగానే చెవులు అదిరేలా ఉంటోందని, ప్రతిసారీ ధ్వని పెంచుతూ తగ్గిస్తూ వినవలసి వస్తోందని ఒక చందాదారు చాలా మర్యాదగా రాశారు. దానికి కింద కొందరు అభిమానులు “నచ్చకపోతే వినకండి” అని జవాబిచ్చారు. ఆ చందాదారు అక్షరాలా అలాగే చేశారు. నేను విడిగా రాసి క్షమించమని అడిగాను. చెప్పింది నిజం కూడా: రెండు గొంతుల స్థాయి సరిచూడవలసిన పని నాది, నేను నా హెడ్‌ఫోన్లలో మాత్రమే విని సరిపోయిందనుకున్నాను, ఫోను స్పీకరులో ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ప్రసారానికి ముందు చవక ఫోనులో విని చూస్తున్నాం. వ్యాఖ్యాతను ఇష్టపడేవారు ఆమె తరఫున కోప్పడవద్దని కోరుతున్నాను. ఆమె కూడా ఇదే కోరమన్నారు.

ఇక మార్పుల సంగతి. రెండో ఇంటర్నెట్ లైన్ పెట్టించాం. మొదటిది పోతే అది అందుకుంటుంది. అది కూడా పోతే వాడుకోవడానికి మొబైల్ డేటాతో నడిచే మరో పరికరం సిద్ధంగా ఉంది. ప్రసారం ఆగిన రాత్రికి బదులుగా అందరి చందా గడువునూ ఒక వారం పొడిగించాం, దానికోసం మీరేమీ చేయనక్కరలేదు. టాక్‌బ్యాక్‌లో నేను మాట్లాడడం మానేశాను. యంత్రం చెడితే తప్ప ఆమె చెవిలో నా గొంతు వినిపించదు. మిగతాది ఏదైనా ఉంటే తెర మీద రాసి పెడతాను, చూడాలో వద్దో ఆమె ఇష్టం. మెచ్చుకోలు సందేశాలను ప్రసారంలో పేర్లతో చదివే అలవాటు కూడా ఆపేశాం. వాటికి ప్రతి వారం చాలా సమయం పోయేది, కొత్తగా వచ్చిన శ్రోతకు తాను ఎవరింటి శుభకార్యానికో పిలవకుండా వచ్చినట్టు ఉండేది. సందేశాలు మాత్రం తప్పక పంపండి. ఏ చోట మీకు ఏమనిపించిందో ఒక్క ముక్క రాసినా చాలు.

పాత రికార్డింగుల విషయంలో మంచి వార్త సగమే ఉంది. గత ఏడు నెలల కార్యక్రమాల అసలు ప్రతులు మా దగ్గర ఉన్నాయి. కత్తిరించినవి తీసేసి వాటినే మళ్లీ ఎక్కిస్తున్నాం. అంతకు ముందువి లేవు. డిస్కులో చోటు చాలడం లేదని అసలు ప్రతులను చెరిపేయమన్నది నేనే. ఆ కార్యక్రమాల్లోని మౌనాలు లైవ్ విన్నవారికి గుర్తుంటే ఉండాలి, ఇక వినిపించే మార్గం లేదు.

మీలో ఎక్కువ మంది అడిగిన ప్రశ్నకు జవాబు: ఆమె కొనసాగుతున్నారు. మీ సందేశాలు చదివి మనసు మార్చుకున్నారని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది కానీ, అది పూర్తి నిజం కాదు. సందేశాలు చదివాక నాతో మాట్లాడడానికి ఒప్పుకున్నారు. నేను క్షమాపణ చెప్పుకున్నాను. ఆమె రెండు షరతులు పెట్టారు. నెలలో ఒక శనివారం సెలవు, ఫోను ఎంతసేపు సాగాలన్న నిర్ణయం పూర్తిగా ఆమెది. రెండింటికీ ఒప్పుకున్నాను. కనుక ఇకపై ప్రతి నెలా చివరి శనివారం ప్రత్యక్ష ప్రసారం ఉండదు. ఆ రోజున వేరొకరిని కూర్చోబెట్టే ఆలోచన కూడా ప్రస్తుతానికి లేదు.

చివరిగా, ఆ 11 నిమిషాల్లో పెద్దాయన చెప్పింది వినాలని చాలామంది అడిగారు. ప్రసారం ఆగినా ఫోను వైపు రికార్డింగు నడుస్తూనే ఉంది, అది మా దగ్గర ఉంది. నేను వినకముందే ఆమె ఆయనకు ఫోను చేసి, అందరికీ వినిపించవచ్చా అని అడిగారు. ఆయన కాసేపు ఆలోచించి, “వద్దులేమ్మా, నువ్వు విన్నావుగా” అన్నారట. ఆ రికార్డింగును ఆమె నా ఎదురుగానే చెరిపేశారు.