తగిలితే చాలు, పెనాల్టీయేనా?

సంపాదకులకు నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. మీ క్రీడా పేజీలో, ఫుట్‌బాల్ వార్తల్లో, ఒక మాట తరచూ కనిపిస్తోంది: ‘రీప్లేలో కాలు తగిలినట్టు స్పష్టంగా తెలుస్తోంది కాబట్టి పెనాల్టీ సరైనదే.’ ఆ ‘కాబట్టి’ దగ్గరే నాకు పేచీ.

ఫుట్‌బాల్ ఒళ్లు తగలకుండా ఆడే ఆట కాదు. ఫౌళ్ల సంగతి చెప్పే 12వ నిబంధన రిఫరీని చూడమనేది తగిలిందా అని కాదు, ఎలా తగిలించాడని. అజాగ్రత్తగా కాలు పెట్టి పడేస్తే ఫౌల్, సొంత డీ బాక్సులో, అంటే తమ గోల్ ముందు గీసిన పెట్టెలో, అయితే పెనాల్టీ. కార్డు అక్కర్లేదు. ఎదుటివాడు ఏమైపోతాడన్న ఆలోచన లేకుండా దూసుకొస్తే పసుపు కార్డు, మితిమీరిన బలం వాడితే ఎర్ర కార్డు. చొక్కా పట్టి ఆపడం వేరే సంగతి, అక్కడ ఈ కొలతలేవీ లేవు. తమాషా ఏమిటంటే, అదే నిబంధన ప్రకారం తన్నబోయినా, పడేయబోయినా ఫౌలే. అంటే కాలు తగలకుండా కూడా పెనాల్టీ రావచ్చు. ‘ముందు బంతినే తాకాడు సార్’ అని పిల్లలు మొత్తుకుంటారు. బంతిని తాకాక అదే ఊపులో ఎదుటివాడి కాలు విరగ్గొట్టేలా వెళ్తే, బంతి వాణ్ని కాపాడదు.

2021లో జరిగిన యూరో కప్ సెమీఫైనల్ గుర్తుందా? లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్, డెన్మార్క్ 1-1తో అదనపు సమయానికి వెళ్లాయి. మనకప్పుడు అర్ధరాత్రి దాటి చాలాసేపైంది, ఇంట్లో నేనొక్కణ్నే మేలుకుని ఉన్నా. ఇంగ్లండ్ ఆటగాడు స్టెర్లింగ్ కుడివైపు నుంచి బాక్సులోకి దూరాడు, డెన్మార్క్ ఆటగాడు మేలె కాలు చాపాడు, స్టెర్లింగ్ పడిపోయాడు. డచ్ రిఫరీ మకెలీ పెనాల్టీ ఇచ్చారు. ఇంగ్లండ్ తరఫున కేన్ కొట్టిన బంతిని డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకేల్ ఆపినా, తిరిగొచ్చినదాన్ని కేనే గోల్లోకి పంపాడు. డెన్మార్క్ ఇంటిదారి పట్టింది. నేనైతే విజిల్ ఊదేవాణ్ని కాదు. కానీ ‘వీఏఆర్ (వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి) ఉండి ఏం లాభం’ అని తిట్టినవాళ్లతోనూ ఏకీభవించను. వీడియో గదిలో కూర్చున్నవాళ్లను అడిగేది ‘ఇది పెనాల్టీయేనా’ అని కాదు, ‘మైదానంలో ఉన్న రిఫరీ ఎవరికైనా తెలిసిపోయేంత స్పష్టమైన తప్పు చేశాడా’ అని. ఏదో కొంచెం తగిలిందని కనిపించాక, వాళ్లు దాన్ని మార్చడం కష్టం.

స్లో మోషన్ ఇంకో చిక్కు. వీఏఆర్ పద్ధతిలోనే రాసి ఉంది: ఎక్కడ తగిలింది, బాక్సు లోపలా బయటా అన్నవి స్లో మోషన్‌లో చూడాలి. దెబ్బ తీవ్రత తేల్చాలంటే మామూలు వేగంలోనే చూడాలి. నిదానంగా తిప్పితే గడ్డిపోచ తగిలినా గొడ్డలివేటులా కనిపిస్తుంది మరి.

ఇదంతా ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనే ఒకసారి తప్పు చేశాను. ఇరవై ఏళ్ల కిందటి మాట, అంతర పాఠశాలల పోటీల ఫైనల్. ఎర్రమట్టి గ్రౌండు, సున్నం గీతలు సగం చెరిగిపోయాయి. స్కోరు సమానం. ఒక ఫార్వర్డ్ బంతితో బాక్సులోకి వచ్చి డిఫెండర్ కాలికి తగిలి బోర్లా పడ్డాడు. నాకు చప్పుడు వినిపించింది, విజిల్ ఊదేశాను. దాంతోనే గోల్, దాంతోనే కప్పు పోయింది. బహుమతులయ్యాక ఆ డిఫెండర్, ఎనిమిదో తరగతి పిల్లాడు, బూట్లు కూడా లేవు, నా దగ్గరికొచ్చి, “సార్, నా కాలు నేలమీదే ఉంది కద సార్. వాడే వచ్చి తగిలినాడు” అన్నాడు. నిజమే. తన చోట తాను నిలబడే హక్కు ప్రతి ఆటగాడికీ ఉందని నిబంధనలే చెబుతున్నాయి. దారిలో ఉండటం వేరు, దారికి అడ్డంగా జరగడం వేరు. ఆ వేళ నేను చూసింది తాకిడిని మాత్రమే, ఎవరి కాలు కదిలిందో చూడలేదు. వాడికేం జవాబు చెప్పానో గుర్తులేదు, బహుశా ఏమీ చెప్పలేదు.

అందుకే మీకో విన్నపం. ఈసారి బూటు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి ఫొటో వేసినప్పుడు, ఆ కాలు కదిలి వచ్చిందా, నిలబడే ఉందా అన్నది కూడా ఒక్క వాక్యం రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
అనంతపురం